ఎవరు పిలిచినా లేవమాక

ఆహ్వాన పత్రిక తెచ్చినవాళ్ళు పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోమంటారు. శిరీష అలా అనలేదు. "మేడమ్, లోపలి పేజీ చదవండి. తప్పుంటే కొట్టేయండి, ఇంకా ప్రెస్సుకి ఇవ్వలేదు," అని పెన్ను కూడా చేతికిచ్చింది. చదివాను. నా పేరు బాగానే పడింది. రంగస్థల, సినీ నటి, నాటక రచయిత్రి మార్తమ్మ గారికి సన్మానం అని ఉంది. దాని కింద నా గురించి నాలుగు ముక్కలు. వాటిలో ఒకదాని దగ్గర కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది. కీర్తిశేషులు కోటయ్య గారు తొలినాళ్ళలోనే ఈమె ప్రతిభను గుర్తించి, వేదిక మీదే సత్కరించి ప్రోత్సహించారు అని రాసి ఉంది.

శిరీష ఆ కోటయ్య గారి మనవరాలే. ఒంగోలులో ఒక కాలేజీలో తెలుగు చెబుతుంది. మా ఊళ్ళో వాళ్ళ తాత పేరు మీద కొత్త కళావేదిక కట్టారు. దాని ప్రారంభం రోజున నాకు శాలువా కప్పాలని వాళ్ళ నాన్న ఉద్దేశం. నేను టీచరు ఉద్యోగం చేసి రిటైరై అద్దంకిలోనే ఉండిపోయాను కాబట్టి ఆ పిల్ల వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది.

"ఈ ముక్క ఎవరు రాశారమ్మా?" అన్నాను.

"మా నాన్న. తాతయ్య అలా చెప్పేవారంట."

"మీ తాత అలా చెప్పి ఉండడు. ఆయన కోపం మనిషే గాని అబద్ధం మనిషి కాదు. మీ నాన్నే ఆయనకి లేని మంచితనం అంటగడుతున్నాడు." ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి కార్డు తిరిగిచ్చేశాను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. "మరి ఏం జరిగింది?" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది. చెప్పాను. ఆమెకు చెప్పింది కాఫీ చల్లారేలోపు అయిపోయింది. చెప్పకుండా మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. నేను డైరీ రాసే మనిషిని. బడిలో ఉన్నప్పుడూ, షూటింగుల్లో ఉన్నప్పుడూ, రిటైరయ్యాకా మానలేదు. ఏ బస్సెక్కాను, ఏం తిన్నాను, ఎవరొచ్చారు, అంతవరకే రాస్తాను. మర్చిపోయేవి రాసుకోవాలి గాని, మర్చిపోలేనివి రాసుకోవడం దేనికి? అందుకే ఈ సంగతంతా ఇన్నాళ్ళూ కాగితం మీద లేదు. దానివల్లే కాబోలు, పక్కవాళ్ళు తమకి నచ్చినట్టు రాసుకోగలిగారు.

మా ఇల్లు పల్లెలో, చర్చి గోడని ఆనుకుని ఉండేది. ఊరికి విడిగా ఉన్న మా వాడని ఊళ్ళోవాళ్ళు పల్లె అంటారు, మేమూ అలాగే అంటాం. ఊరికీ పల్లెకీ మధ్య ఉన్నది ఒక్క బండ్ల బాట. నాన్న ఉపదేశి. పాస్టరు గారు ఎప్పుడో ఒక ఆదివారం వచ్చి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో గంట కొట్టేదీ, వాక్యం చదివేదీ, పిల్లలకి అక్షరాలు దిద్దించేదీ, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన కూచునేదీ నాన్నే. ఆయనకి జీతం అనేది ఒకటుందని అమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు. మా ఇల్లు నడిచింది అమ్మ మిరప కల్లంలో తీసిన తొడిమల మీద.

మిరపకాయల కాలం వస్తే ఇంటి వాసనే మారిపోయేది. కల్లాల్లో ఎకరాలకెకరాలు ఎర్రగా పరిచి ఉంటే, గాలి ఏ వైపు తిరిగితే ఆ వైపు జనం తుమ్మేవాళ్ళు. అమ్మ సాయంత్రం వచ్చి వాకిట్లోనే చీర మార్చుకుని, చేతులకి మజ్జిగ పోసుకుని, ఆముదం రాసుకునేది. అయినా మంట పోయేది కాదు. అందుకని ఆ నెలలన్నీ అమ్మ మమ్మల్ని చేత్తో ముట్టుకునేది కాదు. ఏడుస్తూ వెళ్తే మోచేత్తో దగ్గరికి లాక్కునేది, మోచేత్తోనే కళ్ళు తుడిచేది. అన్నం కలిపి పెట్టేది నాన్న. పక్కిళ్ళలోనూ అంతే. నిమిరితే చల్లగా, గరుగ్గా తగిలే ఎముక, దానికి కొంచెం ఆముదం వాసన, అమ్మ అంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది అదే.

దీపం పెట్టాక ప్రార్థన. బైబిలు చదివే పని నాది. నాన్న పక్కన కూచుని, "నెమ్మదిగా చదువు. చివరన కూచున్న చెవిటి ముసలమ్మకి వినపడాల," అనేవాడు. మా ఇంట్లో చెవిటి ముసలమ్మ ఎవరూ లేరు. ఆ లేని ముసలమ్మకి వినపడేలా చదవడం నేర్చుకున్నాను. తర్వాత కరెంటు పోయి మైకు మూగబోయిన ప్రతి ఊళ్ళోనూ నన్ను కాపాడింది ఆమే. అరవకుండా వినపడటం, మాట చివర మింగకుండా ఉండటం, ఆగాల్సిన చోటే ఆగడం నాకు ఏ నాటక సమాజమూ నేర్పలేదు. ఉపదేశి గారి ఇంట్లో లాంతరు ముందే అవి పట్టుబడ్డాయి.

ఆ ప్రార్థనకి ఒక నియమం ఉండేది. మొదలుపెడితే ఎవరొచ్చినా మధ్యలో లేవకూడదు. ఒకసారి మబ్బు పట్టింది. కోటయ్య గారి కల్లంలో కాయలు పరిచి ఉన్నాయి. ఆయన మేస్త్రి మా వాకిట్లోకొచ్చి, "సుందరమ్మా, చినుకులు పడతన్నయ్, పట్టాలు కప్పాల, రా," అని కేకేశాడు. అమ్మ కదిలింది. నాన్న మూసిన కళ్ళు తెరవకుండానే ఒక చెయ్యెత్తి మేస్త్రిని ఆగమన్నాడు, రెండో చేత్తో నన్ను చదవమన్నాడు. చదివాను. మేస్త్రి గొణుక్కుంటూ గడప అవతల నిలబడ్డాడు. నాన్న ఆ రోజు ప్రార్థన పెంచలేదు, తుంచలేదు. ఆమేన్ అయ్యాక లేచి, "ఇప్పుడు చెప్పు బాబూ," అన్నాడు.

"ఏంది చెప్పేది? తడిసినయ్."

"అయితే పద, అందరం పోయి కప్పుదాం," అని తనే ముందు పరిగెత్తాడు, తడుస్తూ పట్టాలు లాగాడు. మర్నాడు అమ్మని కల్లానికి పిలవలేదు. ఆ వారమంతా పిలవలేదు. అమ్మ ఆ వారమంతా నాన్నతో మాట్లాడలేదు. "దేవుడికి చెవులుండవా? నడుస్తా చెప్పినా వింటాడుగా?" అని నాకు వినిపించేలా గిన్నెలతో అనేది. నాన్న మాత్రం, "మధ్యలో లేచేదైతే అది ప్రార్థన కాదు, ఊరికే కూచోవడం," అన్నాడు. ఆ మాట అప్పుడు నాకూ మొండితనంలాగే అనిపించింది. ఆ వారం మేము పచ్చడి మెతుకులు తిన్నాం మరి.

మా పక్కిల్లు చిట్టెమ్మ పెద్దమ్మది. ఆమె కూతురు రాహేలు నాకంటే కాస్త పెద్దది, నాకు జడలు వేసేది. మిరపకాయల కాలంలో మాత్రం వేసేది కాదు. ఒక మధ్యాహ్నం నేను అమ్మకి క్యారేజీ తీసుకుని కోటయ్య గారి కల్లానికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. కాయలు తిరగేస్తున్న రాహేలు ఆ కాయల మీదే బోర్లా పడిపోయింది. మేస్త్రి దూరం నుంచే చూసి, "లేవే," అన్నాడు. కదల్లేదు. "లే, నటించమాక," అన్నాడు. దగ్గరికొచ్చి, "దొంగనిద్దరా ఏందే, లే," అన్నాడు. ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆమెను తిప్పి, మొహం మీది గింజలు దులిపి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాకా అతను లే అంటూనే ఉన్నాడు. తర్వాత గోనెపట్టా మీద వేసి నీడకి చేర్చారు. చిట్టెమ్మ పెద్దమ్మ కూతురి పక్కన కూచుంది. లారీ వచ్చి ఆగి ఉంది కాబట్టి మిగతావాళ్ళు తలలు వంచుకుని టిక్కీలు నింపారు. మిరపకాయల బస్తాలని మేము టిక్కీలంటాం. నటించడమంటే ఏమిటో తెలియని వయసులో ఆ మాట మొదటిసారి నేను విన్నది అక్కడ, ప్రాణం లేని పిల్ల గురించి.

నేను టీచరు ట్రైనింగు పూర్తి చేసిన ఏడాది నాన్న పోయాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. అప్పుడు పానకాలరావు గారు మా ఇంటికొచ్చారు. ఆయన పత్తి మిల్లులో గుమాస్తా, సాయంత్రాలు నాటకాలు. రాసేదీ ఆయనే, ఆడించేదీ ఆయనే, హీరో వేషమూ ఆయనదే. క్రిస్మస్ రోజున మా చర్చిలో నేను వాక్యం చదవడం బాట మీద పోతూ విన్నారట. "అమ్మాయ్, మా సమాజానికి హీరోయిన్ కావాల. గుంటూరు నుంచి పిలిపిస్తే వాళ్ళ బస్సులకే మేం మునిగిపోతన్నాం," అన్నారు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "మీ నాన్న ఉంటే ఈ మాట మన గడప దగ్గరికొచ్చేదా?" అంది. పొయ్యిలో పుల్ల ఎగదోసి, "చీరలు వాళ్ళే ఇస్తారా?" అంది. అలా నేను నటినయ్యాను.

పేరు దగ్గర ఒక చిక్కొచ్చింది. "మార్తమ్మ అని కరపత్రంలో వేస్తే జనం ప్రార్థన కూటం అనుకుంటారమ్మా. మాధురి అని వేద్దాం," అన్నారు పానకాలరావు గారు. "వేసుకోండి. పిలిచేటప్పుడు మాత్రం మార్తా అంటేనే పలుకుతాను," అన్నాను. కనిగిరి, సింగరాయకొండ, పొగాకు కాల్చే బ్యారన్లుండే ఊళ్ళు, ఎక్కడ తిరునాళ్ళయితే అక్కడికి ట్రంకుపెట్టెతో పాటు నన్నూ ఎక్కించేవారు. అందరితో కలిసి రిహార్సల్ చేసేది ఆ సాయంత్రం ఒక్కసారే. ఊరు ఊరుకీ మట్టి రంగు మారేది గాని, ఒక పద్ధతి మాత్రం అన్ని చోట్లా ఒకటే. చదివింపులు. నాటకం నడుస్తుండగానే ఊరి పెద్ద ఎవరికో నచ్చుతుంది. మైకులో ఆయన పేరు చదువుతారు. నాటకం ఆగుతుంది. ఆయన వేదికెక్కి కళాకారిణి భుజం మీద చీరకి నోటు గుచ్చుతాడు. ఆమె ముందుకొచ్చి దణ్ణం పెట్టాలి, హార్మోనియం మోగాలి, తర్వాత నాటకం. ఏడుపు సీనైనా అంతే, చావు సీనైనా అంతే. ఒక ఊళ్ళో నేను చచ్చిపోయాక మూడుసార్లు లేచాను. జనం నవ్వారు, నేనూ నవ్వాను. అందరూ చేసేదే కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు, నాకూ అనిపించలేదు.

ఆ తర్వాత పానకాలరావు గారు కొత్త నాటకం రాశారు. అందులో కూలి మనిషి కల్లంలో పడి చచ్చిపోతుంది. ఆ సంగతి ఆయనకి చెప్పింది నేనే. ఆమె చనిపోయాక మొగుడు ఆమె తల ఒళ్ళో పెట్టుకుని చెప్పే పెద్ద డైలాగు ఆయన తన కోసం రాసుకున్నారు. మొదటి ప్రదర్శన మా ఊళ్ళోనే, కాయలు అమ్ముడయ్యాక జరిగే తిరునాళ్ళలో. బల్లలు కట్టి స్టేజీ వేశారు. ముందు వరస కుర్చీల్లో కోటయ్య గారూ ఊరి పెద్దలూ. ఊళ్ళోవాళ్ళు మధ్యలో. పల్లె జనం ఎడం పక్క, నేల మీద. అమ్మ నా నాటకం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు వచ్చింది. పక్కన చిట్టెమ్మ పెద్దమ్మ, వెనక కల్లంలో పనిచేసే ఆడవాళ్ళంతా. చీకటి పడకముందే మొదలుపెట్టాం. లైట్లు వేసే వేళకి చావు సీను వచ్చింది. పడిపోయాను. బోర్లా పడాలని పానకాలరావు గారితో ముందే పట్టుబట్టాను, ఎందుకంటే నేను చూసింది అలాగే. ఆయన నన్ను తిప్పి తల ఒళ్ళోకి తీసుకుని మొదటి మాట అన్నారో లేదో, మైకు గరగరలాడింది.

"ఆగాలి, ఆగాలి. కళాకారిణి మాధురి గారి నటనకి మెచ్చి మన పెద్దలు కోటయ్య గారు బహుమతి చదివిస్తున్నారు."

హార్మోనియం మొదలైంది. కళ్ళు మూసుకుని ఉన్నాను కాబట్టి అన్నీ చెవులకే తెలుస్తున్నాయి. కిర్రుచెప్పులు మెట్లెక్కాయి. బల్లల మీద నడిచి నా తల పక్కన ఆగాయి. పానకాలరావు గారు పెదాలు కదపని గొంతుతో, "లేమ్మా, పెద్దాయన నిలబడ్డాడు," అన్నారు. నేను లేవలేదు. అలా అని ముందే అనుకున్నదేమీ లేదు. నేను లేచి నవ్వుతూ దణ్ణం పెడితే ఎడం పక్కన కూచున్న చిట్టెమ్మ పెద్దమ్మ ఏం చూస్తుందో ఒక్కసారి కళ్ళ ముందు కనపడింది. ఆ తర్వాత నా ఒళ్ళు కదలనంది.

"అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది, ఒక్క దణ్ణం పెట్టి మళ్ళీ చచ్చిపో," అన్నారు పానకాలరావు గారు. ఈసారి పెదాలు కదిలే ఉంటాయి, ముందు వరసలో నవ్వారు.

"ఏందయ్యా, నిజంగానే నిద్రపోయిందా?" కోటయ్య గారి గొంతు. అప్పటికింకా కోపం లేదు. "లే అమ్మాయ్. ఎవరో మాధురి అంటే వచ్చా. మన ఉపదేశి కూతురివేగా నువ్వు. లే, మొహమాటం దేనికి?"

హార్మోనియం ఆగిపోయింది. జనం గుసగుసలు పెరిగాయి. అప్పుడు కింద నుంచి, స్టేజీ పక్క నుంచి ఇంకో గొంతు వచ్చింది. మేస్త్రిది. "లేవే, నటించమాక. అయ్యగారు ఎంతసేపు నిలబడాల?"

అదే మాట. అదే గొంతు. ఆ మాటతో నా సందేహాలన్నీ తీరిపోయాయి. ఇక కోటయ్య గారు తెల్లారేదాకా నిలబడినా లేవనని నాకు తెలిసిపోయింది. ఎడం పక్క నుంచి ముందు ఒక మూలుగులాంటిది వినపడింది. తర్వాత శోకం. మా వైపు శవం దగ్గర ఆడవాళ్ళు పెట్టే శోకమే, రాగం తీస్తూ.

"లేవమాక తల్లో, రాహేలూ... ఎవరు పిలిచినా లేవమాక నా తల్లీ... ఎండలో లేచావు, వానలో లేచావు, జ్వరంలో లేచావు, పిలిచినప్పుడల్లా లేచావు... ఈ పూటన్నా పడుకో నా తల్లీ, ఎవరు పిలిచినా లేవమాక..."

చిట్టెమ్మ పెద్దమ్మ. ఆ వెంటనే మిగతా ఆడవాళ్ళు. రాహేలు పోయిన రోజు లారీ కోసం తలలు వంచుకుని పనిచేసినవాళ్ళు, ఆ రోజు ఏడవాల్సింది అప్పుడు ఏడ్చారు. మైకులో ఎవరో ఏదో అన్నారు గాని వినపడలేదు. పానకాలరావు గారికి తన పెద్ద డైలాగులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. కిర్రుచెప్పులు కాసేపు అక్కడే ఉన్నాయి, తర్వాత వచ్చిన దారినే దిగిపోయాయి. ఎవరో తెర లాగేశారు. సీను సగంలో ఆగిపోయింది.

అమ్మ స్టేజీ వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం దాకా కల్లం ఊడ్చి వచ్చిన మనిషి. మోచేత్తో నా బుగ్గ నొక్కి, మోచేత్తోనే రంగు తుడిచింది. "లేస్తావేమోనని భయమేసింది," అంది. ఇంతే అంది. మళ్ళీ వెంటనే, "రేపటినుంచి మనల్ని పనికెవరూ పిలవరు. పద, వాళ్ళ చీర వాళ్ళకిచ్చేసి రా," అంది. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఒకే మాట. లేవలేదు.

అమ్మ అన్నట్టే అయింది. కోటయ్య గారి కల్లం మా ఇద్దరికీ, చిట్టెమ్మ పెద్దమ్మకీ మూసుకుంది. ఆయన కబురు ఆయనకంటే ముందు ఊళ్ళు తిరిగింది. మాధురి అనే పిల్లకి పొగరు, పెద్దల్ని స్టేజీ మీద నిలబెడుతుంది, పిలవద్దు అని. పానకాలరావు గారు కూడా పిలవలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, గుమాస్తా ఉద్యోగం ఉన్న మనిషి. అయితే దీన్ని ప్రోత్సాహం అని కార్డు మీద అచ్చువేస్తే మాత్రం ఒప్పుకోను.

పక్క ఊరి కల్లాల్లో పని దొరికింది. ఉద్యోగం వచ్చేదాకా నేనూ వెళ్ళాను. ముక్కులకి గుడ్డలు కట్టుకుని వరసగా కూచుంటే, తొడిమలు తీసే చేతులకి నోటితో పని ఉండదు. నా నాటకం అక్కడ పుట్టింది. నేను ఒక మాట అంటే వాళ్ళు, "అట్టా ఎవరంటారే, పుస్తకంలాగుంది," అని తోసేసేవాళ్ళు. వాళ్ళనేది నేను ఇంటికెళ్ళి రాసేదాన్ని. నాటకంలో మొగుడి డైలాగు తీసేశాను. ఆమె పడిపోయాక మాట్లాడేది ఆడవాళ్ళే.

"నాకు వేషాలు రావు," అంది చిట్టెమ్మ పెద్దమ్మ.

"వేషం కాదు పెద్దమ్మా. ఆ రోజు అన్నదే అను."

"ఎన్నిసార్లనాల?"

"పిలిచిన ప్రతి ఊళ్ళోనూ."

"అంటాలే. నేను అనకపోతే దాన్ని తల్చుకునేవాళ్ళెవరు?"

కరపత్రంలో రచయిత పేరు మార్త అనే వేయించాను. ప్రార్థన కూటం అనుకుని వచ్చినవాళ్ళు కూడా చివరిదాకా కూచున్నారు. తెర తీసే ముందు నేను ముందుకొచ్చి ఒక్క మాట చెప్పేదాన్ని. నాటకం అయ్యేదాకా వేదిక మీదకి ఎవరూ ఎక్కకూడదు, ఎంత పెద్దవాళ్ళైనా సరే. కొన్ని ఊళ్ళవాళ్ళు ఈ షరతు ముందే విని మమ్మల్ని పిలవడం మానుకున్నారు. పోటీల్లో ఒక జడ్జి, హీరో లేని నాటకానికి ఏ బహుమతి ఇవ్వాలో తెలియడం లేదన్నాడు. ఇవ్వొద్దని చెప్పాను. తర్వాత ఇంకా నాటకాలు రాశాను, అన్నీ ఆడాయి అనను. ఆడినవి నా పేరుతోనే ఆడాయి.

సినిమా ఆ నాటకాలు చూసే పిలిచింది. బడి సెలవుల్లో వెళ్ళేదాన్ని. సినిమాల్లో నన్ను చాలాసార్లు చంపారు. హీరో తల్లి చచ్చిపోతే గాని కథ కదలదని వాళ్ళ నమ్మకం. కట్ అనగానే లేచి టీ తాగేదాన్ని. అక్కడ లేవడంలో తప్పేమీ లేదు, ఎదురుగా ఎవరి తల్లీ కూచుని లేదు కాబట్టి. కొన్నాళ్ళకి చంపడం కూడా మానేసి గోడ మీద దండ వేసిన ఫోటోకి పిలవడం మొదలుపెట్టారు. ఒక డైరెక్టరు గారిని, నాకు ఒక్క మాటన్నా లేదా అని అడిగాను. "ఫోటోకి డైలాగేంటమ్మా?" అన్నాడు. "అయితే ఫోటోనే పిలిపించుకోండి," అని బస్సెక్కి వచ్చేశాను. ఆ దెబ్బతో సినిమాలు తగ్గాయి. బడి ఉంది, నాటకాలున్నాయి, నాకేమీ తక్కువ కాలేదు.

నేను చెప్పినంతా విన్నాక శిరీష కార్డు బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది. రెండు రోజులకి వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. "పెద్దాయన పోయారు కదండీ, ఇప్పుడెందుకు అవన్నీ," అన్నాడు మర్యాదగానే.

"పోయినవాళ్ళ మీద మంచి కల్పించొచ్చుగాని నిజం చెప్పకూడదా బాబూ? నాకు శాలువా అక్కర్లేదు. మీ వేదిక మీద ఆ సీను చివరిదాకా ఆడనివ్వండి. మా ఊళ్ళో అది ఇప్పటివరకూ పూర్తవలేదు. ఇష్టమైతే పిలవండి, లేకపోతే లేదు."

పిలిచాడు. అచ్చయి వచ్చిన కార్డులో ఆ వాక్యం లేదు. దాని బదులు వేరే వాక్యమూ లేదు. శిరీష మాత్రం వేదిక మీద మైకు తన చేతిలో ఉంటుందని మెసేజ్ పెట్టింది.

వెళ్ళాను. ఊరికీ పల్లెకీ మధ్య బండ్ల బాట ఇప్పుడు సిమెంటు రోడ్డు. కాయలు కోల్డ్ స్టోరేజీలకి పోతున్నాయి. కల్లాల్లో పనికి కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే లారీల్లో వస్తున్నాయి. కొందరి చేతులకి గ్లౌజులున్నాయి, చాలామందికి లేవు. పిల్లల్ని ఎత్తుకునేటప్పుడు ఆ తల్లులు చేతులు ఎడంగా పెట్టుకోవడం కారు కిటికీలోంచి చూశాను. వేదిక ముందు కుర్చీలన్నీ ఒకే రకానివి, ఒకే వరసల్లో వేశారు. ఎక్కడైనా కూచోవచ్చు. అయినా పల్లె జనం వచ్చి ఎడం పక్కనే కూచున్నారు. వాళ్ళని ఎవరూ అక్కడ కూచోమనలేదు. మారింది ఎంత అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. కుర్చీలొచ్చాయి.

చిట్టెమ్మ పెద్దమ్మ ఎప్పుడో పోయింది. ఆమె మాటలు శిరీష క్లాసు పిల్ల ఒకతె నేర్చుకుంది, మా పల్లె పిల్లే. నేను పడిపోయే వేషం నేనే వేస్తానన్నాను. ఈ వయసులో పడటం తేలిక, లేవడమే కష్టం. మోకాళ్ళు కూడా నా పక్షమే. శిరీష మైకు దగ్గర ఆనాడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. తాతయ్య అనే అంది, మా తాతయ్య ఆ కల్లం యజమాని అని కూడా అంది. ముందు వరసలో కుర్చీలు కదిలిన చప్పుడైంది. తెర తీశారు. బోర్లా పడ్డాను. కల్లం ఆడవాళ్ళ వేషంలో ఉన్న పిల్లలు నన్ను తిప్పారు. ఆ పిల్ల నా పక్కన చతికిలబడి శోకం ఎత్తుకుంది.

అది సగంలో ఉండగా బూట్ల చప్పుడు మెట్లెక్కింది. పక్క మైకులో ఎవరో గబగబా, "ముఖ్య అతిథి గారు తొందరగా వెళ్ళాల్సి ఉన్నందున శాలువా కార్యక్రమం ఇప్పుడే..." అంటున్నారు. బూట్లు నా తల పక్కన ఆగాయి. నేను వద్దన్న శాలువాయే, చెమ్కీ గరగర వినపడింది. "అమ్మా, ఒక్క నిమిషం లేస్తారా," అన్నాడు కోటయ్య గారి కొడుకు, చాలా మెల్లగా, వంగి. ఆ పిల్ల శోకం మధ్యలో ఆగింది.

"నాన్నా," అంది శిరీష మైకులో. అరవలేదు. చివరన కూచున్న చెవిటి ముసలమ్మకి కూడా వినపడేలా అంది. "సీను నడుస్తోంది. అయ్యేదాకా అక్కడే ఉండండి."

ఎడం పక్క ఎవరో నవ్వారు, ఎవరో ఆ నవ్వుని ఆపారు. నేను కళ్ళు మూసుకునే ఆ పిల్ల చెయ్యి వేళ్ళతో తట్టాను. ఆమె మళ్ళీ ఎత్తుకుంది. ఎండలో లేచావు, వానలో లేచావు, జ్వరంలో లేచావు. చివరి మాట దాకా చెప్పింది. పెంచలేదు, తుంచలేదు. అంతసేపూ ఆ బూట్లు నా తల పక్కనే ఉన్నాయి, కదల్లేదు. నేను తొందరపడలేదు. తెర పూర్తిగా పడనిచ్చాను. అప్పుడు పిల్లలు చెరో పక్కన పట్టుకుంటే లేచి కూచున్నాను, చీర సర్దుకున్నాను, ఆయన వైపు చూశాను.

"ఇప్పుడు చెప్పు బాబూ," అన్నాను.